ఏ రకం తెలివినైనా పెంచుకోవాలంటే: రకాన్ని వదిలి పనిని పట్టుకోండి

"నాది లెక్కల బుర్ర కాదు", "వాడిది మాటల తెలివి, బొమ్మలు రావు". ఇలా అనేసుకున్న రోజునే ఆ వైపు సాధన ఆగిపోతుంది. తెలివి రకరకాలుగా ఉంటుందన్న ఆలోచనను 1983లో అమెరికా మనస్తత్వవేత్త హోవార్డ్ గార్డ్‌నర్ జనంలోకి తెచ్చాడు. భాష, లెక్క, ఆకారాలు, సంగీతం, శరీరం, ఎదుటివారిని అర్థం చేసుకోవడం, తనను తాను తెలుసుకోవడం అని ముందు ఏడు చెప్పి, తర్వాత ప్రకృతిని గుర్తుపట్టే తెలివిని చేర్చాడు. ఇవన్నీ నిజంగా విడివిడి తెలివేనా అన్నది ఇప్పటికీ తేలలేదు. ఒక పరీక్షలో బాగా చేసేవారు మిగతావాటిలోనూ చాలావరకు బాగానే చేస్తారని 1904లోనే బ్రిటిష్ మనస్తత్వవేత్త చార్లెస్ స్పియర్‌మన్ చూపించాడు. నేర్చుకునేవారికి ఆ వాదన తేలేదాకా ఆగాల్సిన పనిలేదు. వారు పట్టుకోవలసింది ఒకటే: పెరిగేది "రకం" కాదు, రోజూ చేసిన ఆ ఒక్క పని.

దీనికి 1980లో అచ్చయిన ఒక ప్రయోగమే సాక్ష్యం. ఒక కాలేజీ విద్యార్థికి అంకెలు ఒక్కొక్కటిగా చదివి వినిపించి, అదే వరసలో తిరిగి చెప్పించారు. మొదట ఏడు దాకా చెప్పగలిగాడు. 230 గంటలకు పైగా సాధన చేశాక 79 అంకెలు చెప్పాడు. అతను పరుగు పందేల మనిషి. అంకెలను మూడు, నాలుగు చొప్పున పరుగు సమయాలుగా కట్టలు కట్టుకున్నాడు. అంకెల బదులు అక్షరాలు ఇచ్చేసరికి మళ్లీ ఆరు దగ్గరే ఆగిపోయాడు. "జ్ఞాపకశక్తి" మొత్తంగా పెరగలేదు, అంకెల పని ఒక్కటే పెరిగింది. మెదడుకు పదును పెడతామనే గేమ్‌లు ఆడితే చాలావరకు ఆ గేమే బాగా వస్తుంది, మిగతా పనులకు పెద్దగా అంటదు. కారణం ఇదే.

అందుకే మొదటి మెట్టు: రకం పేరు కొట్టేసి, దాని కింద ఒక పని రాసుకోండి. "లెక్కల తెలివి" కాదు, "కాగితం లేకుండా శాతాలు కట్టడం". "భాషా తెలివి" కాదు, "రెండు పేజీల వ్యాసాన్ని ఐదు వాక్యాల్లో చెప్పడం". ఆ పనిలో పది ప్రశ్నలు తీసుకుని, ఎన్ని తప్పులు వచ్చాయో, ఎంతసేపు పట్టిందో తేదీ వేసి రాసి పక్కన పెట్టండి. చాలామంది ఈ కొలత ఎగ్గొడతారు. నెల తర్వాత ముందుకెళ్లారో లేదో తెలియక మానేసేదీ వాళ్లే.

రోజుకు 25 నిమిషాలు, వారానికి ఐదు రోజులు సరిపోతుంది. ఆదివారం కూర్చుని రెండు గంటలు చేస్తే ఆ ఫలితం రాదు. మొదటి ఐదు నిమిషాలు నిన్నటిది పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోండి. తర్వాత పదిహేను నిమిషాలు కొత్తది. చివరి ఐదు నిమిషాలు ఆ రోజు చేసిన తప్పులు రాసుకునే తప్పుల పుస్తకానికి. కొత్తదాని కష్టం ఎంతుండాలంటే, పదింటిలో ఏడెనిమిది సరిగ్గా రావాలి. పదికి పదీ వస్తుంటే వచ్చిన పనే చేస్తున్నట్టు. ఐదుకు తగ్గితే ఒక మెట్టు దిగండి.

మూసి గుర్తు తెచ్చుకోవడం దగ్గర అందరూ తడబడతారు. మళ్లీ మళ్లీ చదివితే హాయిగా ఉంటుంది, వచ్చేసిందనిపిస్తుంది. 2006 నాటి ఒక ప్రయోగంలో ఒకే పాఠాన్ని కొందరు మళ్లీ చదివారు, కొందరు చూడకుండా రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవారిదే పైచేయి. వారం తర్వాత పెడితే చూడకుండా రాసినవారు ముందున్నారు. తేలిగ్గా అనిపించడం నేర్చుకున్నదానికి గుర్తు కాదు. కొత్తగా వచ్చినదాన్ని మర్నాడు, మూడో రోజు, ఏడో రోజు, పదిహేనో రోజు ఇలాగే తిరగేయండి. ఒకరోజు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

తప్పుల పుస్తకంలో ప్రతి తప్పు పక్కన కారణం ఒక్క ముక్కలో రాయండి: తెలియదు, తెలిసీ జారింది, ప్రశ్న తప్పుగా చదివాను. మూడింటికీ మందు వేరు. మొదటిదానికి పాఠం, రెండోదానికి నెమ్మది, మూడోదానికి ప్రశ్నను సొంత మాటల్లో తిరిగి చెప్పుకునే అలవాటు.

ఆకారాల తెలివి పుట్టుకతోనే రావాలని చాలామంది నమ్ముతారు. నిజానికి ఆకారాల పనులు కూడా సాధనతో బాగా మెరుగుపడతాయి. ఇలా మొదలుపెట్టండి. ఒక పెద్ద క్యూబ్‌కు ఆరు వైపులా ఎర్ర రంగు పూశారనుకోండి. ప్రతి అంచూ మూడు భాగాలయ్యేలా కోస్తే 27 చిన్న క్యూబ్‌లు వస్తాయి. కళ్లు మూసుకుని లెక్కపెట్టండి: మూడు వైపులా రంగున్నవి ఎన్ని? రెండు వైపులా? ఒకవైపు? అసలు రంగు అంటనివి? జవాబు రాశాకే మట్టితోనో పిండితోనో చేసి, కోసి చూడండి. మూలల్లో 8, అంచుల మధ్య 12, ముఖాల నడుమ 6, లోపల 1. అంచుల దగ్గర 24 అనేయడం తేలిక: ఒక్కో ముఖానికి నాలుగు చొప్పున ఆరు ముఖాలకు కట్టి, ఒక్కో ముక్క రెండు ముఖాలకు చెందుతుందని మరచిపోతాం. ఈ తప్పు చేతిలో ముక్క పట్టుకుని చూస్తేనే మనసులో నాటుకుంటుంది. అందుకే ముందు ఊహ, తర్వాత వస్తువు. తారుమారు చేస్తే ఊహకు పనే ఉండదు. తర్వాత అంచుకు నాలుగు భాగాలతో చేయండి: వరసగా 8, 24, 24, 8, మొత్తం 64.

శరీరంతో చేసే పనులకు ఒకే దూరం, ఒకే వేగం పట్టుకుని వేలాడకండి. 1978లో ఎనిమిదేళ్ల పిల్లలతో చిన్న సంచులు గురికి విసిరించారు. పరీక్ష మూడు అడుగుల దూరంలో. రెండు, నాలుగు అడుగుల నుంచి సాధన చేసినవారు, మూడు అడుగుల నుంచే సాధన చేసినవారికన్నా బాగా విసిరారు. దూరం మారిన ప్రతిసారీ చెయ్యి కొత్తగా లెక్క వేసుకోవలసి రావడమే మేలు చేసిందంటారు. సంగీతంలో తొలిరోజుల సాధనకు మాత్రం నెమ్మది ముఖ్యం. మెట్రోనోమ్‌ను (సమానంగా తాళం కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టి, వరసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తేనే 4 పెంచండి. వేగంగా తప్పు వాయిస్తే వేళ్లకు ఆ తప్పే అలవాటవుతుంది.

ఎదుటివారిని అర్థం చేసుకోవడానికి "వారి స్థానంలో ఉండి ఆలోచించు" అని చెబుతుంటారు. 2018లో అచ్చయిన ఒక అధ్యయనం 25 ప్రయోగాలు చేసి, అలా ఊహించుకున్నంత మాత్రాన అంచనా మెరుగుపడదని తేల్చింది. అడిగి తెలుసుకుంటే మెరుగుపడింది. కాబట్టి రోజుకు ఒక్క సంభాషణలోనైనా, ఎదుటివారు చెప్పింది మీ మాటల్లో చెప్పి "మీరనేది ఇదేనా?" అని అడగండి. ఎన్నిసార్లు "కాదు" అన్నారో లెక్క రాసుకోండి. తనను తాను తెలుసుకోవడానికీ లెక్కే: పని మొదలుపెట్టే ముందు ఎంతసేపు పడుతుందో రాసి, ఆ అంచనా మీద ఎంత నమ్మకమో శాతంలో రాయండి. "80 శాతం నమ్మకం" అన్న 20 అంచనాల్లో 16 దాకా నిజమవ్వాలి. పదే నిజమైతే మీ నమ్మకం కొలతకు మించి ఉంది.

మరో పొరపాటు: "నేను చూసి నేర్చుకునే రకం, విని నేర్చుకోలేను" అని పద్ధతినే కుదించుకోవడం. ఇలా విభజించి బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని 2008లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష తేల్చింది. పద్ధతిని విషయం నిర్ణయించాలి: పటం చూడాలి, రాగం వినాలి.

మూడో వారం చివర, ఆరో వారం చివర కొత్త పది ప్రశ్నలతో మళ్లీ కొలవండి. కదలిక లేకపోతే ముందు తప్పు తెలిసే సమయం చూడండి: జవాబు సరైనదో కాదో అప్పటికప్పుడే తెలుస్తోందా, రెండు రోజులకా? తర్వాత కష్టం స్థాయి, తర్వాత నిద్ర. ఒకసారికి ఒక్కటే మార్చండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. కదలిక ఉంటే పక్కనే ఉన్న పనికి వెళ్లండి, శాతాల తర్వాత నిష్పత్తులు అన్నట్టు. పాతదానికి మాత్రం పదిహేను రోజులకోసారి పది నిమిషాలు ఇవ్వండి.