నెల్లూరు, ఒంగోలు నుంచి థార్ ఎడారికి: క్యాంపింగ్, పాత కోటలు ఎలా చూడాలి?

ఎడారికి పోతున్నామంటే చాలు, మనవైపు ఎవరైనా ముందు అడిగేది "ఆ ఎండకి తట్టుకోగలరా?" అనే. మే నెలంతా నెల్లూరులోనో పొదిలిలోనో గడిపేవాళ్ళకి ఎండని ఎవరూ పరిచయం చేయక్కర్లేదు. థార్ చూడ్డానికి రాజస్థాన్‌లోని జైసల్మేర్ పోయే మనోళ్ళని నిజంగా ఇబ్బంది పెట్టేవి రాత్రి చలి, పొడిగాలి. బ్యాగు సర్దేటప్పుడు, టెంట్ బుక్ చేసేటప్పుడు ఈ రెండింటినీ మనసులో పెట్టుకోండి.

1. ఎప్పుడు, ఎలా

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి సీజన్. సంక్రాంతి సెలవుల్లో పోతే చలి గట్టిగా ఉంటుంది, రాత్రిళ్ళు 5, 6 డిగ్రీలకి కూడా దిగుతుంది. మాఘ పౌర్ణమికి మూడు రోజుల ఎడారి ఉత్సవం జరుగుతుంది, బాగుంటుంది గానీ గదుల రేట్లు పెరిగిపోతాయి. చెన్నై నుంచి జోధ్‌పూర్ దాకా విమానంలో వెళ్ళి, అక్కడి నుంచి రైల్లోనో కారులోనో జైసల్మేర్ చేరడం తేలిక. ఈ ముక్క దూరం 280 కిలోమీటర్ల పైమాటే, కారులో ఐదు గంటలు వేసుకోండి.

2. బయల్దేరే ముందు ఒక ఆదివారం

కొత్త బూట్లు వేసుకుని ఉదయగిరి కోట ఎక్కండి. 1514లో కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి గజపతుల నుంచి గెలుచుకున్న కోట అది, అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్నే హంపికి తీసుకెళ్ళి గుడి కట్టించాడు. బూట్లు ఎక్కడ కరుస్తాయో, మీకు నిజంగా ఎన్ని నీళ్ళు పడతాయో ఆ కొండే చెప్పేస్తుంది. మైపాడు బీచ్‌లో తడి ఇసుక మీద కాకుండా పొడి ఇసుకలో ఓ అరగంట నడిచి చూస్తే, దిబ్బలెక్కడానికి పిక్కలు ఎంత సిద్ధంగా ఉన్నాయో కూడా తెలుస్తుంది.

3. సామాను

మనకి సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, చెమట ఒంటి మీదే కారుతుంది కాబట్టి దాహం సంగతి గుర్తుంటుంది. అక్కడి గాలికి చెమట పట్టగానే ఆరిపోతుంది. ఒంట్లో నీళ్ళు తగ్గుతున్నాయన్న సంగతే తెలియదు, సాయంత్రానికి తలనొప్పి మొదలవుతుంది. అందుకే దాహం వేసినా వేయకపోయినా గుక్కెడు గుక్కెడు తాగుతూ ఉండాలి, మనిషికి రోజుకి మూడు నాలుగు లీటర్లు పెట్టుకోండి, నాలుగైదు ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంచుకోండి. పెదాలకి, మడమలకి కొబ్బరినూనె చాలు.

చలికి ఒక్క లావుపాటి స్వెట్టర్ కన్నా లోపల థర్మల్స్, పైన చొక్కా, ఆపైన జాకెట్ మేలు, ఎండెక్కేకొద్దీ ఒక్కొక్కటే విప్పుకోవచ్చు. మంకీ క్యాప్ పెట్టుకోవడానికి సిగ్గుపడొద్దు. ముక్కుకి, నోటికి చుట్టుకోవడానికి పెద్ద నూలు తువ్వాలు, ఫోన్‌కి జిప్ కవర్ తప్పనిసరి, ఛార్జింగ్ రంధ్రంలోకి ఇసుక పోతే ఇక టెన్షనే.

4. టెంట్ ఎంచుకోవడం

జైసల్మేర్‌కి పడమర 40 కిలోమీటర్ల దూరంలో సామ్ దిబ్బలు. పాటలు, కాల్బేలియా నాట్యం, జీపులు, జనం, డీజే, అంతా అక్కడే. ప్రశాంతంగా చుక్కలు చూడాలంటే నైరుతి వైపున్న ఖూరీ గ్రామం నయం, నా ఓటు దానికే. ఎక్కడైనా డబ్బులు కట్టేముందు ఫోన్ చేసి అడగండి: టెంట్ రోడ్డు పక్కనా, దిబ్బల దగ్గరా? మనిషికి ఎన్ని రగ్గులు? వేడినీళ్ళు ఏ టైంలో? డీజే ఎన్నింటికి ఆపుతారు? నడుంనొప్పి ఉన్నవాళ్ళు దిబ్బల మీద జీపు జోలికి పోకపోవడమే మంచిది.

ఒంటె లేచేటప్పుడు ముందు వెనక కాళ్ళు లేపుతుంది, మీరు దాని మెడ మీదకి తూలిపోతారు. కాబట్టి జీను పిడి గట్టిగా పట్టుకుని వెనక్కి వాలండి. కూర్చునేటప్పుడు ముందు కాళ్ళు మడుస్తుంది, అప్పుడు కూడా వెనక్కే వాలాలి.

పొద్దు గూకాక ఇసుక గబగబా చల్లబడుతుంది, మబ్బూ తేమా లేకపోవడంతో వేడంతా ఆకాశంలోకి పోతుంది. అందుకని సూర్యాస్తమయం చూడ్డానికి వెళ్ళేటప్పుడే జాకెట్ చంకన పెట్టుకోండి. తెల్లారి బూట్లు దులపకుండా కాలు పెట్టొద్దు, తేళ్ళుంటాయి.

భోజనంలో సజ్జరొట్టె, దాల్ బాటీ (పప్పుతో కాల్చిన గోధుమ ఉండలు), కేర్ సాంగ్రీ కూర పెడతారు. సాంగ్రీ అంటే మరేదో కాదు, దసరాకి మనం పూజ చేసే జమ్మి చెట్టు కాయలే. అన్నం దొరికినా అంతంతమాత్రం. కందిపొడి, కాస్త ఊరగాయ ఉంటే పిల్లలు పేచీ పెట్టరు.

5. పాత కట్టడాలు

1156లో రావల్ జైసల్ అనే రాజు మొదలుపెట్టిన జైసల్మేర్ కోటలో ఇప్పటికీ కుటుంబాలు కాపురముంటున్నాయి. చూడ్డానికి లోపలికి పోండి, గది మాత్రం బయటే తీసుకోండి. ఆ కొండ వాడుక నీళ్ళు ఇంకి దెబ్బతింటోంది, లోపల హోటళ్ళు పెరిగేకొద్దీ నష్టం కూడా పెరుగుతోంది. ఉదయాన్నే వెళ్తే పసుపు రాయి మీద వెలుగు బాగుంటుంది, సందుల్లో రద్దీ ఉండదు. తర్వాత గడీసర్ చెరువు, వాన నీటిని పట్టి ఊరంతటికీ తాగించిన చెరువు అది.

కుల్ధరా సామ్ దారిలోనే తగులుతుంది కాబట్టి క్యాంపుకి పోయే రోజే చూసేయొచ్చు. పాలీవాల్ బ్రాహ్మణులు ఖాళీ చేసి పోయిన ఊరు. గైడ్లు దయ్యాల కథలు చెప్తారు, వినండి, కానీ ఆ కప్పుల్లేని ఇళ్ళ వరసలు, సూటిగా ఉన్న వీధులు చూస్తే కథ అవసరం లేదనిపిస్తుంది. గోడలెక్కి సెల్ఫీలు వద్దు, రాళ్ళు కదులుతాయి. టైముంటే బార్మేర్ రోడ్డులో ఆకల్ శిలాజ పార్కు కూడా చూడండి, 18 కోట్ల ఏళ్ళనాటి చెట్ల మొద్దులు రాళ్ళయి పడున్నాయి.

ఇంకో రోజు మిగిలితే 1971 యుద్ధం జరిగిన లోంగేవాలా, సరిహద్దు దగ్గరున్న తనోట్ మాత గుడి. జైసల్మేర్ నుంచి తనోట్ 120 కిలోమీటర్ల దాకా ఉంటుంది. బయల్దేరే ముందే ట్యాంక్ నింపించండి, మ్యాప్ ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి, గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. గుడి దాటి సరిహద్దు దాకా పోవాలంటే మాత్రం బీఎస్ఎఫ్ అనుమతి కావాలి.