18వ శతాబ్దపు యూదుల చాంబర్ మ్యూజిక్ (కొద్దిమంది వాద్యకారులు కలిసి వాయించే సంగీతం) వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఊరికే "యూదు కంపోజర్లు" అని వెతికితే పని జరగదు. వచ్చే లిస్టుల్లో పెద్ద పేర్లు చాలావరకు వేరే కాలానివి. ఇటలీలోని మాంటువా ఆస్థానంలో వయొలిన్ వాయించిన సలమోనె రోసి 1607లోనే వాద్యాల కోసం రాసి అచ్చు వేయించాడు, ఫెలిక్స్ మెండెల్సన్ ఏమో 1809లో పుట్టాడు. మధ్యలో మిగిలేది కొద్దిమందే. అప్పట్లో సంగీతంతో బతకాలంటే చర్చిలోనో రాజాస్థానంలోనో ఉద్యోగం దొరకాలి, ఆ రెండు చోట్లా యూదులకు దారి దాదాపు లేనట్టే. అందుకని రాసినవాళ్లతో ఆగకుండా, ఎవరు వాయించారు, ఎవరు రాయించుకున్నారు, ఎవరు దాచిపెట్టారు అని కూడా వెతకండి.

ముందు జాకోబ్బె చెర్వెట్టోతో మొదలుపెట్టండి. ఇటలీ నుంచి 1730ల చివర్లో లండన్ వచ్చి డ్రూరీ లేన్ థియేటర్లో చెల్లో (వయొలిన్ కుటుంబంలోని పెద్ద వాద్యం) వాయించాడు. ఆయన ముక్కు పెద్దది కావడంతో గ్యాలరీ జనం "నోసీ" అని కేకలేసేవాళ్లు. నూరేళ్లు దాటి బతికి 1783లో పోయాడని చెబుతారు. మూడు చెల్లోలకు రాసిన ఆయన సొనాటాలు (పాట లేకుండా వాద్యాలకే రాసిన రచనలు) వినండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే మూడు గొంతులూ విడివిడిగా తెలుస్తాయి. మూడు చెల్లోలు లేనివాళ్లు రెండు వయొలిన్లు, ఒక బాస్‌తో కానివ్వొచ్చని అచ్చుప్రతి పేరులోనే ఉంది, అమ్ముడుపోవాలి కదా మరి! కొడుకు జేమ్స్ కూడా చెల్లో కంపోజరే, కాబట్టి ప్లే నొక్కేముందు పేరు సరిగ్గా చూసుకోండి.

తర్వాత బెర్లిన్. అసలు నిధి ఇక్కడుంది. సారా లెవీ (1761–1854) డానియల్ ఇట్జిగ్ అనే పెద్ద యూదు బ్యాంకర్ కూతురు. ప్రసిద్ధ జర్మన్ కంపోజర్ జె.ఎస్. బాఖ్ పెద్ద కొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమాన్ దగ్గర కీబోర్డు నేర్చుకుంది, ఇంట్లో సంగీత సభలు నడిపింది, చేతిరాత ప్రతులు కుప్పలుగా సేకరించి చాలావరకు సింగ్-అకాడెమీ అనే బెర్లిన్ గాయక సంఘానికి ఇచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో కనిపించకుండా పోయిన ఆ అకాడెమీ గ్రంథాలయం 1999లో కీవ్‌లో బయటపడి, 2001లో తిరిగి బెర్లిన్ చేరింది.

ఆవిడ కోసమే రాశారని పండితులు అనుకునే సి.పి.ఇ. బాఖ్ (జె.ఎస్. బాఖ్ ఇంకో కొడుకు) క్వార్టెట్లు, అంటే నాలుగు గొంతుల రచనలు, మూడున్నాయి, 1788 నాటివి. బాఖ్ యూదుడు కాదు, అయినా ఈ కథలో వాటికి చోటు లేకపోతే ఎలా? వెతికేటప్పుడు కంపోజర్ పేరు పక్కన డబ్ల్యూక్యూ (Wq) 93, 94, 95 అని కొట్టండి, అవి ఆయన రచనల జాబితాలోని నంబర్లు. పేరుకి క్వార్టెట్టే, వాయించేది మాత్రం ముగ్గురు: ఫ్లూట్, వయోలా, కీబోర్డు. నాలుగో గొంతు కీబోర్డు ఎడమ చేతిదే, కాబట్టి మొదటిసారి వినేటప్పుడు దాన్నే పట్టుకోండి. కొన్ని రికార్డింగుల్లో చెల్లో కూడా కలుపుతారు. రెండు రకాలూ విని చూడండి, నాకైతే చెల్లో లేనిదే నచ్చింది.