పాత డీజిల్ కారు వేడెక్కడం: నా అనుభవం
ఔటర్ రింగ్ రోడ్డుపై ఏసీతో వేగంగా వెళ్తే నా పాత డీజిల్ కారు టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా వెళ్లేది. పంజాగుట్ట ట్రాఫిక్‌లో మాత్రం అదుపులోనే ఉండేది. కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం), థర్మోస్టాట్ (దాని ప్రవాహాన్ని నియంత్రించే వాల్వు), రేడియేటర్ మూత మార్చినా ఫలితం లేకపోయింది.

చివరకు ఇంజన్ పూర్తిగా చల్లారాక ముందు బంపర్ విప్పించి, గ్యాస్ పైపులు కదల్చకుండా ఏసీ కండెన్సర్ (రేడియేటర్ ముందు ఉండి ఏసీ గ్యాస్‌ను చల్లబరిచే జాలీ) బోల్టులు మాత్రమే వదులు చేయించి కాస్త ముందుకు జరిపిస్తే, దానికీ రేడియేటర్‌కూ మధ్య దుమ్ము, పురుగులు, వేపాకులు చాపలా పేరుకుని కనిపించాయి. బయటి నుంచి ఇది ఎవరి కంటా పడదు. మెత్తని బ్రష్‌తో పైపొర తీయించి, ఇంజన్ వైపు నుంచి ముందుకు, తక్కువ ఒత్తిడితో, నీరు తేటగా వచ్చేదాకా కడిగించాను. ప్రెషర్ గన్ వాడితే ఫిన్లు (పలుచని లోహపు రేకులు) వంగిపోతాయి, వద్దే వద్దు. ఆ తర్వాత శంషాబాద్ దాకా ఏసీ ఆపకుండా వెళ్లినా ముల్లు సగం దాటలేదు.

అన్ని బండ్లకూ ఇదే కారణమని చెప్పలేను. ట్రాఫిక్‌లోనే వేడెక్కితే ముందు రేడియేటర్ ఫ్యాన్, దాన్ని ఆన్ చేసే రిలే (విద్యుత్ స్విచ్) చూడాలి. కూలెంట్ తరచూ తగ్గుతుంటే లీకేజీనో, హెడ్ గాస్కెట్‌నో (ఇంజన్ బ్లాక్‌కూ పైభాగానికీ మధ్య ఉండే సీలు) అనుమానించాలి.