లాగర్‌లో వెన్న వాసన రాకుండా
మ్యూనిక్ హెల్లెస్ అనే జర్మన్ బీరు లాంటి లాగర్‌ని, అంటే చల్లగా పులియబెట్టే బీరుని, ఇంట్లో చేసేవాళ్లు పులియడం అయిపోవచ్చిందని తొందరపడి చల్లబరచకండి. 10 డిగ్రీల దగ్గర పులిసేటప్పుడు ఈస్ట్ వదిలే ఒక పదార్థం డైఎసిటైల్‌గా మారుతుంది. వెన్న వాసన దానిదే. దాన్ని మళ్లీ తినేసేదీ ఈస్టే, కానీ కాస్త వెచ్చదనం కావాలి. అందుకే ముప్పావు వంతు పులిశాక 16-18 డిగ్రీలకు పెంచి 2-3 రోజులు ఉంచండి.

డైఎసిటైల్ పోయిందో లేదో ఇలా చూడండి: రెండు గ్లాసుల్లో కొంచెం బీరు తీసి, ఒకదానికి మూతపెట్టి 60 డిగ్రీల వేడినీళ్లలో 20 నిమిషాలు ఉంచండి. చల్లార్చి రెండూ వాసన చూడండి. వేడిచేసినదాంట్లో వెన్న వాసన తగిలితే ఇంకో రెండు రోజులు ఆగాల్సిందే. ఈ పరీక్ష మాత్రం దయచేసి మానకండి, వేడిచేయని గ్లాసులో ఆ లోపం అప్పుడే బయటపడదు. తర్వాత మెల్లగా 1-2 డిగ్రీలకు దించి 4-6 వారాలు నిల్వ ఉంచండి.