పండగ సేల్, కొత్త అప్‌డేట్: నొక్కే ముందు చూసుకోవాల్సినవి

వినాయకుడు హుస్సేన్‌సాగర్ చేరిన దగ్గర్నుంచి దీపావళి దాకా నాకు ఫోన్ల మీద ఫోన్లు. చుట్టాల్లో కాస్త కంప్యూటర్ తెలిసినవాడినని పేరు పడటమే నేను చేసుకున్న పాపం. సెప్టెంబర్‌లో కొత్త ఐఫోన్లు, వాటితోపాటే కొత్త ఐఓఎస్, అంటే ఐఫోన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్. ఏడాదికోసారి వచ్చే విండోస్ పెద్ద అప్‌డేట్ కూడా అటూ ఇటూగా అప్పుడే. దసరా సేల్స్ సరేసరి. వీటి మధ్యలో మన వానలు, కరెంటు కోతలు. ఈ నెలన్నరలో పాడయ్యే ఫోన్లు, లాప్‌టాప్‌లు మిగతా ఏడాదంతా కలిపినా ఉండవేమో అనిపిస్తుంది నాకు.

ఎవరు అడిగినా నేను ముందు చూసేది ఒక్కటే. నచ్చకపోతే పాతదానికి తిరిగి వెళ్లే దారి ఉందా? ఉంటే ఎన్ని రోజులు?

ఐఫోన్‌లో ఆ దారి దాదాపు లేదు. కొత్త వెర్షన్ వచ్చిన కొద్ది రోజులకో వారాలకో పాతదానికి ఆపిల్ ఆమోదం ఆపేస్తుంది. ఆ తర్వాత ఏ షాపువాడూ ఏమీ చేయలేడు. ఆండ్రాయిడ్‌లో వెనక్కి వెళ్లాలంటే చాలా ఫోన్లలో మొత్తం డేటా తుడిచేయాలి, కొన్నిట్లో అదీ కుదరదు. కాస్త దయ చూపేది విండోస్ 11 ఒక్కటే. అప్‌గ్రేడ్ అయ్యాక 10 రోజుల వరకు సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ దగ్గర ‘గో బ్యాక్’ అని ఉంటుంది. అయితే స్థలం చాలట్లేదని మధ్యలో డిస్క్ క్లీనప్ కొట్టి పాత విండోస్ ఫైళ్లు తీసేశారంటే ఆ బటన్ కూడా పోతుంది. మా బావగారు మూడో రోజే తీసేశారు. ఇల్లు శుభ్రంగా ఉంచుకునే మనిషి మరి.

అలాగని అసలు అప్‌డేట్లే వద్దని కాదు. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరమే ఐఫోన్లను పడగొట్టింది, గుర్తుందా? ‘జ్ఞా’ అనే అక్షరాన్ని ఒక రకంగా రాసి మెసేజ్ పంపితే చాలు, అవతలివాళ్ల యాప్ మూసుకుపోయేది, కొన్నిసార్లు ఫోనే మొరాయించేది. జ్ఞానం భరించలేకపోయిందని మా ఆఫీసులో వారం రోజులు నవ్వుకున్నాం. ఆ నెల 19న వచ్చిన ఐఓఎస్ 11.2.6 అనే చిన్న అప్‌డేట్‌తో అది సర్దుకుంది. అందుకే నెలనెలా వచ్చే చిన్న సెక్యూరిటీ అప్‌డేట్లను నేను ఆపను, రెండు మూడు రోజుల్లో వేసేస్తాను. ఆగేది పెద్ద వెర్షన్ల దగ్గర, అంటే ముందున్న అంకె మారేవాటి దగ్గర. మొదటి చుక్క వచ్చేదాకా, అంటే ఐఓఎస్ 26 పోయి 26.1 అయ్యేదాకా, అమ్మ ఫోన్‌లో నేను ఏదీ మార్చను.

ఐఓఎస్ 26 నా ఫోన్‌లో మాత్రం తొందరపడి వేసుకున్నాను. ఆ గాజు పలకల డిజైన్ మొదటి రోజు తడిసిన అద్దంలా ముచ్చటగా ఉంది. రెండో రోజు మధ్యాహ్నం ప్యారడైజ్ దగ్గర ఎండలో నిలబడి నోటిఫికేషన్ చదవబోతే అక్షరాల వెనక నా వాల్‌పేపర్, దాని వెనక నా మొహం. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో డిస్‌ప్లే దగ్గర పారదర్శకత తగ్గించే మీట నొక్కాక ప్రాణం కుదుటపడింది. 26.1లో ఆ గాజుకి కాస్త రంగు పూసుకునే వీలు కూడా ఇచ్చారు. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ అప్‌డేట్ చేసేవాళ్లు ఆ మీట మార్చి, అక్షరాల సైజు సరిచూసి, ఫోన్ ఎత్తడం, పెట్టడం ఒకసారి వాళ్ల చేతే చేయించి మరీ తిరిగి ఇవ్వండి.

అప్‌డేట్ అయ్యాక మొదటి రెండు మూడు రోజులు బ్యాటరీ తొందరగా అయిపోతుంది, ఫోన్ వెచ్చబడుతుంది. లోపల ఫోటోలు, యాప్‌లు మళ్లీ సర్దుకుంటుంటాయి. దానికి టెన్షన్ పడి సర్వీస్ సెంటర్‌కు పరిగెత్తకండి. వారం దాటినా అలాగే ఉంటే అప్పుడు చూద్దాం.

ఇక కంప్యూటర్ల విషయం. నేను గట్టిగా దెబ్బతిన్నది ఇక్కడే కాబట్టి కాస్త ఎక్కువే చెప్తాను.

ఒక ఆదివారం తీరిగ్గా కూర్చుని నా లాప్‌టాప్‌లో బయోస్ అప్‌డేట్ చేశాను. ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు లేచి మెషిన్‌ని నిద్రలేపే ప్రోగ్రామే బయోస్, అది మదర్‌బోర్డులోనే ఉంటుంది. రీస్టార్ట్ అయ్యాక నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడిగింది. బిట్‌లాకర్ అంటారు, హార్డ్ డిస్క్‌కి వేసే తాళం. ఇప్పటి విండోస్‌లో మైక్రోసాఫ్ట్ ఎకౌంట్‌తో సెటప్ చేస్తే చాలా లాప్‌టాప్‌లలో మనకు తెలియకుండానే అది పడిపోతుంది. కీ ఆ ఎకౌంట్‌లోనే భద్రంగా ఉంటుంది. ఎవరి ఎకౌంట్‌లో? కొన్న రోజున షాపులో కుర్రాడు ‘నేను సెట్ చేసిస్తా సార్, అయిదు నిమిషాలు’ అని ఏదో ఈమెయిల్‌తో తెరిచిన ఎకౌంట్‌లో. నెలల తర్వాత వెళ్లి అడిగితే ఆ కుర్రాడు మానేశాడన్నారు. ఫార్మాట్ కొట్టించక తప్పలేదు. మా పాప మొదటి పుట్టినరోజు ఫోటోల్లో సగం పోయాయి. మిగతా సగం చుట్టాల వాట్సాప్‌లలోంచి ఒక్కొక్కటే అడిగి తెచ్చుకున్నాను, మసకబారినవే.

కాబట్టి కొత్త లాప్‌టాప్ సెటప్ షాపులో చేయించకండి. డబ్బా ఇంటికి తెచ్చి మీ ఈమెయిల్‌తో మీరే చేసుకోండి. ఇప్పటికే వాడుతున్నదైతే ఎకౌంట్‌లోకి వెళ్లి ఆ 48 అంకెలు కాగితం మీద రాసి, ఇంటి పత్రాలున్న ఫైల్లో పెట్టండి. ఆ లాప్‌టాప్‌లోనే సేవ్ చేసుకుంటే తాళంచెవి బీరువాలో పెట్టి బీరువాకి తాళం వేసినట్టే. బయోస్ అప్‌డేట్‌కి ముందు బిట్‌లాకర్‌ని కాసేపు సస్పెండ్ చేసే వీలుంది, తప్పకుండా వాడండి.

కరెంటు సంగతి మరిచిపోవద్దు. హైదరాబాద్‌లో 2020 అక్టోబర్ 13 నాటి వాన చూసినవాళ్లకి విడిగా చెప్పనక్కర్లేదు. విండోస్ మామూలు అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే అది చాలావరకు లేచి సర్దుకుంటుంది. ఈ మధ్య ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ కొత్త వెర్షన్‌ని పక్కన రెండో అరలో పెట్టి, కుదరకపోతే పాత అరలోంచే లేచే ఏర్పాటుంది. బయోస్ అలా కాదు. డెస్క్‌టాప్‌లో మధ్యలో ఆగిందంటే మదర్‌బోర్డు డెడ్ కావచ్చు. యూపీఎస్ లేకపోతే మబ్బు పట్టిన రోజు దాని జోలికి పోకండి. అసలు ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తున్న మెషిన్‌కి బయోస్ అప్‌డేట్ ఎందుకని నన్ను నేను ఇప్పటికీ అడుగుతుంటాను.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లు నమోదు చేసుకుంటే సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే. అంతకంటే పాతదానికి కూడా అడ్డదారిన ‘11 ఎక్కిస్తా’ అనేవాళ్లు ఉంటారు. ఎక్కుతుంది కూడా. కానీ అలాంటి మెషిన్లకు అప్‌డేట్లు వస్తాయన్న భరోసా లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. సినిమాలు చూసే సిస్టమ్ అయితే మీ ఇష్టం, బ్యాంకు పనులు చేసేదైతే నేను ఒప్పుకోను. 11 మీద నా అభిప్రాయం అంటారా? ఫోల్డర్లకు ట్యాబ్‌లు రావడం బాగుంది. కుడి క్లిక్ కొడితే సగం మెనూ చూపించి మిగతాది ఇంకో క్లిక్ వెనక దాచడం మాత్రం ఇప్పటికీ చిరాకే.

చిక్కడపల్లిలో నా స్నేహితుడికి డీటీపీ షాపుంది, పెళ్లి కార్డులు వేస్తాడు. అతని బతుకంతా అను ఫాంట్స్ అనే పాత తెలుగు అక్షరాలు, పేజీలు కూర్చే 2001 నాటి పేజ్‌మేకర్ 7 ప్రోగ్రాం మీదే. ఇరవై ఏళ్ల ఫైళ్లు అందులోనే ఉన్నాయి. ఇప్పుడు ఫోన్లలో, కంప్యూటర్లలో అంతటా నడిచే యూనికోడ్ అక్షరాలు కావవి, కొత్త ప్రోగ్రాముల్లో తెరిస్తే పిచ్చి గీతలు. అతనికి నేనిచ్చిన సలహా అప్‌గ్రేడ్ వద్దనే. ఆ సిస్టమ్‌కి ఇంటర్నెట్ వైరు పీకేసి, ఫైళ్లన్నీ రెండు హార్డ్ డిస్కుల్లో కాపీ పెట్టి, మెయిల్‌కీ వాట్సాప్‌కీ వేరే మెషిన్ పెట్టుకోమన్నాను. ముహూర్తాల సీజన్ అయ్యాక ఫైళ్లు నెమ్మదిగా యూనికోడ్‌లోకి మారుస్తున్నాడు.

ఫోన్ మార్చేవాళ్లు డబ్బుల సంగతి ముందు చూసుకోవాలి. పోయిన దసరాకి మా వదిన పొద్దున్నే కొత్త ఫోన్‌లోకి మారి, మధ్యాహ్నం చీరలకని జనరల్ బజార్ వెళ్లింది. బిల్లు పద్దెనిమిది వేలు. యూపీఐలో 5,000 దాటి వెళ్లనంటోంది. ఫోన్ మారిన మొదటి 24 గంటలు చాలా బ్యాంకులు అంతకుమించి పంపనివ్వవు, మోసాలను ఆపడానికి పెట్టిన నియమం అది. ‘ఏంది ఇది, పైసలున్నా పోతలేవు’ అని నాకు ఫోన్. కార్డు ఇంట్లో ఉంది. చివరికి అన్నయ్య బండి మీద కార్డు పట్టుకెళ్లాడు. కొనుగోళ్లకో ఊరికో వెళ్లే రోజున ఫోన్ మార్చకండి. యూపీఐ మొదలవడానికి ఆ సిమ్ నుంచే ఒక ఎస్ఎంఎస్ వెళ్లాలి కాబట్టి సిమ్‌లో ఎస్ఎంఎస్‌కి బ్యాలెన్స్ ఉందో లేదో కూడా చూసుకోండి.

వాట్సాప్‌ది ఇంకో తంటా. ఆండ్రాయిడ్‌లో దాని బ్యాకప్ ఇప్పుడు గూగుల్ వాళ్లిచ్చే 15 జీబీలోంచే తింటుంది. గుడ్ మార్నింగ్ వీడియోలతో అది ఎప్పుడో నిండిపోయి, బ్యాకప్ నెలల క్రితమే ఆగిపోయి ఉంటుంది. చివరి బ్యాకప్ తేదీ కళ్లతో చూడండి. బ్యాకప్‌కి పాస్‌వర్డ్ పెట్టినవాళ్లు దాన్ని మరిచిపోతే వాట్సాప్ వాళ్లు కూడా తెరవలేరు. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి ‘మూవ్ టు ఐఓఎస్’తో చాట్లు తెచ్చుకోవాలంటే ఐఫోన్ మొదటి సెటప్‌లోనే చేయాలి. తొందరపడి సెటప్ దాటేస్తే మళ్లీ మొత్తం తుడిచి మొదట్నుంచి.

జగదీష్ మార్కెట్‌లోనో ఇంకెక్కడో సెకండ్ హ్యాండ్ కొంటుంటే *#06# కొట్టి ఐఎంఈఐ నంబర్ చూడండి, ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండే గుర్తింపు నంబర్ అది. ఇంగ్లీషులో కేవైఎం అని టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, ఆ నంబర్ రాసి 14422కి మెసేజ్ పంపితే దాని జాతకం వస్తుంది. దొంగ ఫోన్‌గా బ్లాక్ అయి ఉంటే అక్కడే తెలిసిపోతుంది. డబ్బులిచ్చే ముందే సుమా.

సేల్‌లో ఎక్స్‌ఛేంజ్ పెట్టినవాళ్లకి వచ్చే చిక్కు వేరు. డెలివరీ అబ్బాయి గేటు దగ్గర నిలబడి తొందరపెడుతుంటాడు, మన పాత ఫోన్ ఇంకా ఖాళీ చేసి ఉండదు. బ్యాంకు యాప్‌లు, లాగిన్ అయ్యేటప్పుడు అడిగే ఆథెంటికేటర్ యాప్ కోడ్‌లు దాంట్లోనే ఉంటాయి. వీలైతే ఎక్స్‌ఛేంజ్ వదులుకుని పాత ఫోన్‌ని ఓ పది రోజులు ఇంట్లోనే ఉంచుకోమంటాను. వచ్చే రెండు మూడు వేల కంటే ఆ పది రోజులు విలువైనవి. లేదు, ఇచ్చేయాల్సిందే అంటే ముందురోజు రాత్రే గూగుల్ ఎకౌంట్ తీసేసి, సిమ్, మెమరీ కార్డు బయటకు లాగి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి పెట్టుకోండి. ఓపెన్ బాక్స్ డెలివరీ అయితే కొత్త డబ్బా ఆ అబ్బాయి ముందే విప్పించి, ఫోన్ ఆన్ చేసి, డబ్బా మీది ఐఎంఈఐ ఫోన్‌లోదానితో సరిపోయాకే ఓటీపీ చెప్పండి.