బీమ్ వేసే ముందు: ప్రోటీన్ స్ఫటికాలతో ఎలక్ట్రాన్ డిఫ్రాక్షన్ జాగ్రత్తలు

ఎలక్ట్రాన్ డిఫ్రాక్షన్ అంటే స్ఫటికం మీద ఎలక్ట్రాన్ల పుంజం (బీమ్) వేసి, అవి చెదిరి ఏర్పరిచే చుక్కల నమూనా నుంచి అణువు ఆకారాన్ని కనుక్కోవడం. దానికి కావలసిన ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు మీద స్లాట్ దొరకడమే గగనం. దొరికిన రోజు సగం సమయం మంచు రింగులు చూస్తూ గడిచిపోతే ఏడుపొక్కటే తక్కువ.

అన్నిటికంటే ముందు డోసు, అంటే స్ఫటికం మీద పడే ఎలక్ట్రాన్ల మొత్తం సంగతి. చూడటానికి వాడే ఎలక్ట్రాన్లే స్ఫటికాన్ని పాడుచేస్తాయి. ముందు మాయమయ్యేవి నమూనా అంచుల్లోని సన్నటి చుక్కలు. మధ్యలోవి ఇంకా మెరుస్తూనే ఉంటాయి కాబట్టి అంతా బాగుందనిపిస్తుంది. కానీ సూక్ష్మ వివరాలన్నీ ఆ అంచు చుక్కల్లోనే. చదరపు ఆంగ్‌స్ట్రామ్‌కు (ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటరులో పదో వంతు) సెకనుకు 0.01 ఎలక్ట్రాన్ చొప్పున వేస్తే, 200 సెకన్లకు 2 ఎలక్ట్రాన్లు పడతాయి. వెతికేటప్పుడు పడినవీ ఇదే లెక్కలోకి వస్తాయి. ఫోకస్ మాత్రం గ్రిడ్ (స్ఫటికాలను పరిచే సన్నటి లోహపు జల్లెడ) మీద పక్క చదరంలో చేసుకోండి. ‘ఇంకొక్కసారి చూద్దాం’ అన్న ఆశే కొంప ముంచుతుంది.

స్ఫటికం మందం 300 నానోమీటర్లలోపు ఉంటే హాయి. అంతకంటే బాగా మందమైతే ఎలక్ట్రాన్లు లోపలే పదేపదే చెదిరి, చుక్కల తీవ్రతను నమ్మలేం. చదరం మధ్యలో ఉన్నదాన్నే ఎంచుకోండి. స్టేజిని (గ్రిడ్‌ను పట్టి ఉంచే పీఠాన్ని) 60 డిగ్రీలకు వంచినప్పుడు అంచున ఉన్నదానికి గ్రిడ్ కడ్డీ అడ్డొస్తుంది.

గ్రిడ్ చల్లగా ఉండాలన్నది ఎప్పటి నుంచో తెలిసిందే. 1974లోనే టేలర్, గ్లేసర్ అనే శాస్త్రవేత్తలు గడ్డకట్టించిన క్యాటలేజ్ (ఒక ఎంజైము) స్ఫటికాల నుంచి మంచి డిఫ్రాక్షన్ తీశారు. ఇప్పటికీ మనల్ని ఏడిపించేది గాలిలోని తేమే. పట్టకారు కొనను ద్రవ నైట్రోజన్‌లో ముంచి, బుడగలు ఆగాకే గ్రిడ్‌ను పట్టుకోండి. దాని మీదికి ఊపిరి వదలకండి. 3.9, 3.67, 3.44 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర వరసగా రింగులు కనిపిస్తే అది మీ ప్రోటీన్ కాదు, మంచు.

కెమెరా లెంగ్త్‌ను (నమూనా ఎంత పెద్దగా పడుతుందో చెప్పే కొలతను) బంగారు గ్రిడ్‌తో సరిచూసుకోండి. మొదటి రింగు 2.35 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర పడాలి. ఇది తప్పితే యూనిట్ సెల్ (స్ఫటికంలో పదేపదే వచ్చే అతి చిన్న గడి) కొలతలన్నీ తప్పుతాయి, ఆ తప్పు కంటికి కనిపించదు కూడా. బీమ్‌స్టాప్ (నేరుగా వచ్చే బీమ్‌ను ఆపే అడ్డు) వేయకుండా డిటెక్టర్ తెరవకండి.

ఇక ఒంటి సంగతి. గ్రిడ్‌ను గడ్డకట్టించడానికి వాడే ద్రవ ఈథేన్ చర్మం మీద పడితే నైట్రోజన్‌లా వెంటనే ఆవిరైపోదు, అంటుకుని కాలుస్తుంది. పైగా మండే వాయువు. నిప్పు దరిదాపుల్లో ఉండకూడదు. ఒక లీటరు ద్రవ నైట్రోజన్ దాదాపు 700 లీటర్ల వాయువై గదిలోని ఆక్సిజన్‌ను పక్కకు నెడుతుంది. ఆక్సిజన్ అలారం మోగితే గ్రిడ్‌ను అక్కడే వదిలేసి బయటికి వచ్చేయండి.