మైక్రోఛానల్ రియాక్టర్ల మీద పరిశోధన చేయాలనుందా? ముందు ఒక్క గాడి కోయించండి

కెమికల్ ఇంజనీరింగ్ చదివే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే, మైక్రోఛానల్స్ (ద్రవాలు, వాయువులు పారే అతి సన్నని దారులు) మీద పీహెచ్‌డీ చేయాలంటే ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి అని. సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత. ముందు మీ ఊళ్ళో కార్ ఏసీ మెకానిక్ దగ్గరికి వెళ్ళి, విప్పి మూలన పడేసిన కండెన్సర్ ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి, హాక్సా బ్లేడుతో అడ్డంగా కోసి చూడండి. బయటికి అల్యూమినియం పట్టీలా కనిపించేదాని లోపల వరసగా సన్నని రంధ్రాలుంటాయి, ఒక్కోటి ఇంచుమించు మిల్లీమీటరు. మనం చేసేది అంతకంటే సన్నగా, ఆ రంధ్రాల్లో రియాక్షన్ కూడా జరిగేలా.

సన్నగా చేస్తే ఏమొస్తుందో కాగితం మీద మీరే తేల్చుకోండి. ఇంత చిన్న దారుల్లో ప్రవాహం చాలావరకు సుళ్ళు లేకుండా పొరలుగా, అంటే లామినార్‌గానే ఉంటుంది, నసెల్ట్ సంఖ్య (గోడకీ ద్రవానికీ మధ్య వేడి ఎంత బాగా మారుతుందో చెప్పే అంకె) స్థిరం, గుండ్రటి గొట్టానికి గోడ ఉష్ణోగ్రత మారకుండా ఉంటే 3.66. కాబట్టి వ్యాసం సగం చేస్తే ఉష్ణ బదిలీ గుణకం రెట్టింపవుతుంది, అదే చోటులో గోడ వైశాల్యమూ రెట్టింపవుతుంది, మొత్తం మీద నాలుగు రెట్లు. అయితే అదే వేగంతో పంపితే అంతే పొడవుకి ప్రెజర్ డ్రాప్ (దారి పొడవునా పడిపోయే పీడనం) కూడా నాలుగు రెట్లు పెరుగుతుంది. ఈ బేరం ఒంటబడితే ఈ రంగం సగం అర్థమైనట్టే.

1981లో స్టాన్‌ఫర్డ్‌లో టకర్‌మన్, పీజ్ సిలికాన్ మీద 50 మైక్రాన్ల వెడల్పు గాడులు చెక్కి నీళ్ళు పంపి, చదరపు సెంటీమీటరుకి 790 వాట్ల వేడి తీసి చూపించారు. అది చిప్పుల్ని చల్లబరచడానికి. 1990లలో అమెరికాలో రిచ్‌లాండ్‌లోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ నేషనల్ లేబొరేటరీ ఈ దారినే రియాక్టర్ల వైపు నడిపింది. మీథేన్‌కి ఆవిరి కలిపి హైడ్రోజన్ తీసే రియాక్షన్ మోల్‌కి 206 కిలోజౌళ్ళు లాగేసుకుంటుంది. మామూలు గొట్టంలో కేటలిస్ట్ (ఉత్ప్రేరకం) ఎంత చురుగ్గా ఉన్నా వేడి అందక ఆగిపోతుంది. అదే ఒక గాడిలో ఈ రియాక్షన్ (రిఫార్మింగ్), గోడకి అవతలి గాడిలో ఇంధనం మండటం పెడితే వేడి ప్రయాణించేది మిల్లీమీటరు లోపే. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ కలిపి హైడ్రోకార్బన్లు చేసే ఫిషర్-ట్రాప్ష్‌లో కథ తిరగబడుతుంది, అక్కడ పుట్టే వేడిని క్షణాల్లో లాగేయాలి, లేకపోతే కావలసిన పొడవాటి హైడ్రోకార్బన్ల బదులు మీథేన్ వస్తుంది. ఎనర్జీ, మైక్రోఛానల్ అనే రెండు మాటలు పక్కపక్కన వినిపించేది అందుకే.

ఇక పని. బీటెక్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి రియాక్షన్ జోలికి పోకండి. చిన్న రాగి దిమ్మలో మిల్లీమీటరు గాడి ఒక్కటి కోయించండి, లేత్ పని, మిల్లింగ్ చేసే షాపులు ఏ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లోనైనా ఉంటాయి. పైన పలక, మధ్యలో సిలికోన్ గాస్కెట్, నాలుగు బోల్టులు, కింద కార్ట్రిడ్జ్ హీటర్ (కడ్డీలాంటి కరెంటు హీటర్). నిమిషానికి 10 మిల్లీలీటర్ల నీళ్ళు పంపి హీటర్‌కి 20 వాట్లు ఇస్తే నీటి ఉష్ణోగ్రత 28, 29 డిగ్రీలు పెరగాలి. బయటికి పోయే వేడి వల్ల కాస్త తక్కువే వస్తుంది, ఎంత తక్కువో కొలిచి రాయడమే మీ ప్రాజెక్టు.

నాకు మొదటిసారి 36 డిగ్రీలు పెరిగినట్టు చూపించింది. అంటే ఇచ్చింది 20 వాట్లు, నీళ్ళు తీసుకున్నది 25 వాట్లు! వారం రోజులు టెన్షన్‌తో నిద్ర లేదు, పంపు మార్చాను, మీటర్ మార్చాను. చివరికి పలక విప్పి చూస్తే బయటికొచ్చే దారిలో థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే సన్నని తీగ) మొన ఒక పక్కకి ఒరిగి రాగిని తాకుతోంది. అది కొలిచింది నీటిని కాదు, గోడని. గాడి మిల్లీమీటరే ఉన్నప్పుడు అర మిల్లీమీటరు థర్మోకపుల్ కాస్త పక్కకి జరిగినా లెక్క మొత్తం తప్పుతుంది. అప్పట్నుంచీ ఎనర్జీ బ్యాలెన్స్ (ఇచ్చిన వేడికీ, బయటికొచ్చిన వేడికీ లెక్క) కుదరనిదే ఏ డేటానీ నమ్మలేదు, మీరూ నమ్మకండి.

ఒక్క గాడి లొంగాక పది గాడులు పెట్టండి. అసలు కష్టం అప్పుడు తెలుస్తుంది. లామినార్ ప్రవాహంలో అదే ప్రెజర్ డ్రాప్ దగ్గర ఫ్లో వ్యాసానికి నాలుగో ఘాతంగా మారుతుంది, అంటే ఒక గాడి వ్యాసం 5 శాతం పెద్దదైతే దానిలోకి దాదాపు 22 శాతం ఎక్కువ ఫ్లో పోతుంది. పక్క గాడులు ఆకలితో ఉంటాయి. కేటలిస్ట్ పూత మందం తేడా వచ్చినా ఇదే తంతు. అందుకే గాడులన్నిటికీ ఫ్లో సమానంగా పంచే హెడర్ డిజైన్ మీద పట్టు ఉన్నవాళ్ళకి ఈ రంగంలో విలువ. సిమ్యులేషన్ నేర్చుకోవలసింది ఇక్కడ, చేత్తో కొలిచిన అంకెలు పక్కన పెట్టుకుని. లీక్ చూడ్డానికి సబ్బు నురగ, ముందు వరసలో మంచి ఫిల్టర్, ఈ రెండూ మరిస్తే నెల పని ఒక ఇసుక రేణువు మింగేస్తుంది.

చదువు సంగతికొస్తే, గేట్‌లో మంచి స్కోరు వస్తే ఐఐటీలు, సీఎస్ఐఆర్ ఫెలోషిప్ ఉంటే పుణెలోని ఎన్‌సీఎల్ (నేషనల్ కెమికల్ లేబొరేటరీ) లాంటి ల్యాబులు. సీఎస్ఐఆర్ ల్యాబుల్లో పీహెచ్‌డీ ఏసీఎస్ఐఆర్ (ఆ ల్యాబుల అకాడమీ) ద్వారా ఉంటుంది, హైదరాబాద్‌లో ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) ఉండనే ఉంది. విదేశాలకే వెళ్ళాలనుకుంటే జర్మనీలో కార్ల్స్‌రూహే, అమెరికాలో ఒరెగాన్ స్టేట్ చూడండి. ఎక్కడైనా సరే, చేరేముందు అక్కడి స్కాలర్స్‌తో ఫోన్లో మాట్లాడి వర్క్‌షాప్ ఉందా, గాడులు ఎవరు కోస్తారు, ఒక పలక చేతికి రావడానికి ఎన్ని వారాలు పడుతుంది అని అడగండి. పేపర్ల సంఖ్య కంటే నాకు ఈ జవాబులే ముఖ్యం. మన దగ్గర హైడ్రోజన్ మీద ఇప్పుడు ఊపు ఉంది, 2023 జనవరిలో కేంద్రం 19,744 కోట్లతో గ్రీన్ హైడ్రోజన్ మిషన్ ఆమోదించింది. కానీ మీ నైపుణ్యం ఆ ఒక్కదానికే కట్టేసుకోకండి. ఇదే పట్టు ఫార్మాలో ఫ్లో కెమిస్ట్రీకి (పాత్రలో కాకుండా గొట్టంలో పారిస్తూ రియాక్షన్ చేయడం), డేటా సెంటర్ల కూలింగ్‌కి కూడా పనికొస్తుంది.

ప్రొఫెసర్‌కి రాసే మెయిల్‌లో "ఐ యామ్ ప్యాషనేట్" అని రాయకండి. మీ రాగి దిమ్మ ఫొటో, ఎనర్జీ బ్యాలెన్స్ పట్టిక, మొదట ఎక్కడ తప్పు వచ్చింది, దాన్ని ఎలా పట్టుకున్నారు, ఇవన్నీ ఒక్క పేజీలో పెట్టి పంపండి.